తొలి పొరపాటు బొమ్మపైనే జరగాలి: నర్సింగ్ విద్యలో సిమ్యులేషన్ శిక్షణ, రోగి సంరక్షణ

ప్రత్యేక వ్యాసం

సికింద్రాబాద్: బోధనాసుపత్రిలో ఒకే మంచం రెండు అవసరాలను తీర్చవలసి ఉంటుంది. ఆ మంచంపై ఉన్న రోగికి అది చికిత్స పొందే చోటు. దాని పక్కన నిలిచిన నర్సింగ్ విద్యార్థికి అదే తరగతి గది. రోగికి నొప్పి లేని, పొరపాటు లేని సేవ కావాలి. విద్యార్థికి చేతితో చేసి నేర్చుకునే అవకాశం కావాలి. మొదటిసారి చేసే పనిలో తడబాటు సహజం. ఆ తడబాటు భారాన్ని ఎవరు మోయాలన్నదే నర్సింగ్ విద్య ముందున్న ప్రధాన ప్రశ్న. దేశంలోనూ, రాష్ట్రంలోనూ నర్సింగ్ కళాశాలల సంఖ్య పెరుగుతున్న తరుణంలో ఈ ప్రశ్న మరింత ప్రాధాన్యం సంతరించుకున్నది. దీనికి సమాధానంగా ముందుకు వచ్చినదే సిమ్యులేషన్ శిక్షణ. అంటే నిజమైన రోగిని తాకే ముందు, ఆ పరిస్థితిని కృత్రిమంగా కల్పించి, మానవాకార బొమ్మలపైనా, రోగి పాత్ర ధరించిన వ్యక్తులపైనా అభ్యాసం చేయించడం. ఈ శిక్షణ ఏ మేరకు రోగికి మేలు చేస్తుంది, ఏ షరతులపై చేస్తుంది అన్న విషయాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గాంధీ ఆసుపత్రి చెప్పే పాఠం

ఈ పరిశీలనకు సికింద్రాబాద్ తగిన చోటు. కంటోన్మెంట్ కాలం నాటి కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రికి వారసత్వంగా నిలిచిన గాంధీ ఆసుపత్రి, 1954లో ఆరంభమైన గాంధీ వైద్య కళాశాలకు బోధనాసుపత్రిగా ఎదిగింది. 2003లో ముషీరాబాద్‌లోని పాత కారాగారం స్థలంలో నిర్మించిన ప్రస్తుత ప్రాంగణానికి తరలింది. జంటనగరాల నుంచే కాక రాష్ట్రంలోని పలు జిల్లాల నుంచి అత్యవసర కేసులు ఇక్కడికి చేరుతాయి. కాలిన గాయాలు, పురుగుల మందు సేవించిన కేసులు, సంక్లిష్ట ప్రసవాలు, రోడ్డు ప్రమాదాలు ఇక్కడి వార్డులకు నిత్యకృత్యం. ఇటువంటి చోట నేర్చుకున్న నర్సు ఎక్కడైనా నిలదొక్కుకోగలదన్న అభిప్రాయం వైద్య వర్గాలలో చాలాకాలంగా ఉన్నదే. అయితే రద్దీ ఎక్కువైనకొద్దీ, విద్యార్థిని పక్కన నిలబెట్టి ఓపికగా నేర్పే తీరిక సీనియర్ నర్సుకు తగ్గుతుంది. అనుభవం లభించే చోటనే బోధనకు వ్యవధి లోపించడం ఇందులోని విరోధాభాస.

2020లో కోవిడ్ మహమ్మారి ప్రబలినప్పుడు గాంధీ ఆసుపత్రిని ప్రభుత్వం పూర్తిగా కోవిడ్ చికిత్సకు కేటాయించిన విషయం విదితమే. ఆ కాలంలో దేశవ్యాప్తంగా వైద్య సిబ్బంది అందరూ ఒక కొత్త పనిని నేర్చుకోవలసి వచ్చింది. అదే పీపీఈ కిట్టును వరుస తప్పకుండా ధరించడం, మరింత జాగ్రత్తగా విప్పడం. విప్పేటప్పుడు ఒక్క మెట్టు తప్పినా వ్యాధి అంటుకునే ప్రమాదం ఉన్నందున, వార్డులో అడుగుపెట్టే ముందే సిబ్బంది చేత ఒకరి ఎదుట ఒకరిని నిలిపి ఈ పనిని పదే పదే చేయించారు. ఒకరు చేస్తూ ఉండగా మరొకరు చూసి తప్పు చెప్పారు. పేరు పెట్టకపోయినా అది సిమ్యులేషన్ శిక్షణయే. ఇందుకు ఖరీదైన పరికరాలేవీ అవసరం కాలేదన్నది గమనార్హం.

బొమ్మల చరిత్ర

నర్సింగ్ బోధనలో బొమ్మల వినియోగం కొత్తది కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాల కోరిక మేరకు బొమ్మల తయారీదారు మార్తా చేజ్ సంస్థ 1911లో నిలువెత్తు బొమ్మను తయారుచేసి ఇచ్చింది. "మిసెస్ చేజ్" పేరుతో ప్రసిద్ధి చెందిన ఆ బొమ్మపై తరతరాల విద్యార్థినులు రోగిని పక్కకు తిప్పడం, దుస్తులు మార్చడం, మంచంపై పడుకోబెట్టడం నేర్చుకున్నారు. 1960లో నార్వేకు చెందిన ఆటబొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ కృత్రిమ శ్వాస నేర్పేందుకు "రిససీ యాన్" అనే బొమ్మను రూపొందించారు. గుండె ఆగిన వ్యక్తి ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలన్న నియమాన్ని నేడు ప్రపంచమంతటా ఇటువంటి బొమ్మలపైనే నేర్పుతున్నారు. ఆ లోతు ఎంతో పుస్తకం చదివితే తెలియదు. చేతికి తెలియాలి.

పరిశోధనలు వెల్లడిస్తున్న విషయాలు

నర్సు విద్యకూ రోగి ప్రాణానికీ మధ్య సంబంధం ఉన్నదని పరిశోధనలు నిరూపించాయి. లిండా ఐకెన్ బృందం యూరప్‌లోని 9 దేశాలకు చెందిన 300 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన 4,22,730 మంది రోగుల వివరాలను విశ్లేషించి, 2014లో లాన్సెట్ పత్రికలో ఫలితాలను ప్రచురించింది. ఒక నర్సు చూడవలసిన రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, 30 రోజులలోపు రోగి మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. డిగ్రీ విద్య గల నర్సుల వాటా 10 శాతం పెరిగితే ఆ అవకాశం 7 శాతం తగ్గింది. ఈ రెండు అంశాలనూ విడివిడిగా కాక కలిపి చూడవలసి ఉన్నది. నర్సుల విద్యతో పాటు వారి సంఖ్య కూడా రోగి భద్రతను నిర్ణయిస్తుందని దీని సారాంశం.

సిమ్యులేషన్ విషయంలో ప్రామాణికంగా పరిగణించే అధ్యయనాన్ని అమెరికాలోని రాష్ట్ర నర్సింగ్ మండళ్ల జాతీయ సమాఖ్య నిర్వహించి 2014లో వెలువరించింది. 10 నర్సింగ్ విద్యాసంస్థల విద్యార్థులను మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి యథాప్రకారం ఆసుపత్రి శిక్షణ ఇచ్చారు. రెండవ వర్గానికి ఆసుపత్రి గంటలలో 25 శాతాన్ని, మూడవ వర్గానికి 50 శాతాన్ని సిమ్యులేషన్‌తో భర్తీ చేశారు. అధ్యయనం ముగిసేవరకు కొనసాగిన 666 మంది విద్యార్థుల పరిజ్ఞానంలోగాని, నైపుణ్యంలోగాని, లైసెన్సు పరీక్ష ఉత్తీర్ణతలోగాని చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఆరు నెలల పనితీరులోనూ తేడా లేదు. అయితే శిక్షణ పొందిన బోధకులు, తగిన పరికరాలు, ప్రతి అభ్యాసం అనంతరం నిర్దిష్ట పద్ధతిలో సమీక్షా చర్చ ఉన్న సంస్థలలోనే ఈ ఫలితం వచ్చిందన్న షరతును విస్మరించరాదు.

మన పొరుగున ఉన్న కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో నవజాత శిశువులకు శ్వాస అందించే శిక్షణపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. పుట్టిన తొలి నిమిషంలోనే బిడ్డకు శ్వాస అందేలా చూడడం ఆ శిక్షణ లక్ష్యం. చవకగా లభించే చిన్న బొమ్మపై అభ్యాసం చేయించారు. శిక్షణ అనంతరం మృతజననాలు 3.0 శాతం నుంచి 2.3 శాతానికి తగ్గాయి. నవజాత శిశు మరణాల రేటులో మాత్రం మార్పు కనిపించలేదు.

ఇదే శిక్షణపై టాంజానియాలోని హైడమ్ ఆసుపత్రిలో లభించిన అనుభవం మరింత ఆలోచింపజేస్తున్నది. అక్కడ మొదట ఒక్కరోజు శిక్షణ ఇచ్చారు. బొమ్మపై సిబ్బంది పనితీరు బాగా మెరుగుపడింది. ప్రసవ గదిలో మాత్రం మార్పు రాలేదు. ఆ తరువాత పద్ధతి మార్చి, ప్రసవ గది వద్దనే బొమ్మను ఉంచి, వారానికి కొన్ని నిమిషాలపాటు అభ్యాసం చేసే ఏర్పాటు చేశారు. పుట్టిన 24 గంటలలోపు సంభవించే శిశు మరణాలు ప్రతి వెయ్యికి 11.1 నుంచి 7.2కు తగ్గినట్లు 2015లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. బొమ్మ అదే, సిబ్బంది వారే, పాఠమూ అదే. మారినది అభ్యాసం జరిగే చోటు, వ్యవధి మాత్రమే. సిమ్యులేషన్ శిక్షణపై విధాన నిర్ణయాలు తీసుకునేవారు గుర్తుంచుకోవలసిన అతి ముఖ్యమైన ఫలితం ఇదే.

108 సేవల అనుభవం

ఈ విషయంలో ఉదాహరణ కోసం దూరం వెళ్లనవసరం లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైన 108 అత్యవసర సేవలకు సికింద్రాబాద్ శివార్లలో మేడ్చల్ రహదారిపై ఉన్న దేవరయాంజాల్ ప్రాంగణం కేంద్రంగా నిలిచింది. జీవీకే ఈఎంఆర్‌ఐగా సుపరిచితమై, ఇప్పుడు ఈఎంఆర్‌ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్ పేరుతో పనిచేస్తున్న ఈ సంస్థ అంబులెన్సులో ప్రయాణించే అత్యవసర వైద్య సాంకేతిక నిపుణులనే కొత్త శ్రేణి సిబ్బందిని తయారుచేయవలసి వచ్చింది. అప్పటివరకు మన రాష్ట్రంలో ఆ శ్రేణి దాదాపు లేదనే చెప్పాలి. 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ సహకారంతో రెండేళ్ల ఉన్నత శిక్షణా కార్యక్రమం కూడా ఇక్కడ మొదలైంది.

అంబులెన్సులో పక్కన సీనియర్ ఉండరు. కదులుతున్న వాహనంలో, తగినంత వెలుతురు లేని వేళ, బంధువుల ఆర్తనాదాల నడుమ నిర్ణయం తీసుకోవాలి. ఊరికీ ఆసుపత్రికీ మధ్య వాహనంలోనే ప్రసవం జరిగే సందర్భాలూ ఉంటాయి. కాబట్టి శ్వాసమార్గాన్ని తెరచి ఉంచడం, రక్తస్రావాన్ని ఆపడం, బిడ్డను అందుకోవడం వంటి పనులను విధుల్లో చేరకముందే బొమ్మలపై నేర్వక తప్పదు. ఈ సేవలో మరొక ఆచరణ కూడా గమనింపదగినది. ఆసుపత్రిలో చేర్చిన 48 గంటల తరువాత రోగి పరిస్థితిని వాకబు చేసే పద్ధతిని ఈ సంస్థ అనుసరించింది. సిబ్బంది చేసిన సహాయం ఫలించిందా లేదా అన్నది తెలుసుకోవడం దీని ఆంతర్యం. నర్సింగ్ విద్య ఈ ప్రాంగణం నుంచి స్వీకరించవలసినది బొమ్మలతో పాటు ఈ అలవాటును కూడా.

పాఠ్యప్రణాళికలో మార్పులు

భారత నర్సింగ్ మండలి 2021లో నోటిఫై చేసిన సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళిక 2021-22 విద్యా సంవత్సరం నుంచి అమలులోకి వచ్చింది. నాలుగేళ్ల కోర్సును ఎనిమిది సెమిస్టర్లుగా విభజించి, క్రెడిట్ విధానాన్ని ప్రవేశపెట్టారు. తరగతి గది, ఆసుపత్రి గంటలతో పాటు నైపుణ్య ప్రయోగశాలలో గడపవలసిన గంటలను కూడా విడిగా నిర్దేశించారు. ప్రాణరక్షక చర్యలు, ప్రసవ సహాయం, నవజాత శిశు సంరక్షణ వంటి అంశాలను తప్పనిసరి మాడ్యూళ్లుగా చేర్చారు. బోధకులకు శిక్షణ ఇచ్చేందుకు గురుగ్రామ్‌లో జాతీయ స్థాయి సిమ్యులేషన్ కేంద్రం ఏర్పాటైంది.

మరోవైపు, 2014 తరువాత ఏర్పడిన వైద్య కళాశాలలకు అనుబంధంగా 157 కొత్త నర్సింగ్ కళాశాలలను స్థాపించేందుకు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 26న ఆమోదం తెలిపింది. ఇందుకు అంచనా వ్యయం రూ.1,570 కోట్లు. తద్వారా ఏటా 15,700 మంది నర్సింగ్ పట్టభద్రులు అదనంగా వస్తారని అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులు ఉండగా, మరో 58 లక్షల మంది కొరత ఉన్నది. ఈ దృష్ట్యా విస్తరణ ఆవశ్యకతను కాదనలేము. అయితే సీట్లను ఒక ఉత్తర్వుతో పెంచవచ్చు. పడకల పక్కన నిలిచి నేర్పే అనుభవజ్ఞులను అంత వేగంగా తయారుచేయలేము. ఈ అంతరాన్ని పూడ్చేందుకు సిమ్యులేషన్ తోడ్పడుతుంది. కాని దానికీ బోధకులు కావాలన్న సత్యాన్ని మరువరాదు.

ప్రసవ గదిలో అవసరం

తెలంగాణ విషయంలో ప్రసవ సంరక్షణకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం ప్రసవాలు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. ఇది దేశంలోనే అత్యధికం. జాతీయ సగటు 21.5 శాతం. సహజ ప్రసవాలను ప్రోత్సహించే ఉద్దేశంతో రాష్ట్ర ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్‌ల సహకారంతో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణను ఆరంభించింది. మరుసటి సంవత్సరం కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలపై జాతీయ మార్గదర్శకాలను విడుదల చేసింది.

సహజ ప్రసవం వద్ద ఓపికగా వేచి ఉండాలంటే, అవాంతరం ఎదురైతే ఎదుర్కోగలనన్న ధైర్యం నర్సుకు ఉండాలి. బిడ్డ భుజం చిక్కుకోవడం వంటి ప్రమాదాలు అరుదుగా సంభవిస్తాయి. చదువుకునే కాలంలో ఒక విద్యార్థికి అటువంటి కేసు ఒక్కటైనా కంటపడకపోవచ్చు. కాని ఎదురైననాడు లభించే వ్యవధి కొన్ని నిమిషాలే. అరుదైన ప్రమాదాన్ని తరచు అభ్యసించే వీలు సిమ్యులేషన్‌లో తప్ప మరెక్కడా లేదు. ప్రసవానంతర రక్తస్రావం విషయంలో ఆఫ్రికాలోని నాలుగు దేశాలకు చెందిన 80 ఆసుపత్రులలో జరిగిన ఈ-మోటివ్ అధ్యయనం 2023లో వెలువడింది. రక్తనష్టాన్ని కంటి అంచనాతో కాక కొలతలు గల సంచితో కొలవడం, చికిత్సలన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టడం, ఇందుకు ఆసుపత్రిలోనే సిబ్బందికి అభ్యాసం చేయించడం దీనిలోని ముఖ్యాంశాలు. తీవ్ర రక్తస్రావం, అందుకోసం చేసే ఉదర శస్త్రచికిత్స, మరణం కలిపి 60 శాతం మేరకు తగ్గాయి.

స్థానిక అవసరాలకు అనుగుణంగా

విదేశాలలో తయారైన పాఠాలను ఉన్నవి ఉన్నట్లుగా స్వీకరిస్తే ప్రయోజనం పరిమితంగానే ఉంటుంది. మన ఆసుపత్రులకు తగిన పాఠాలు మన వార్డుల నుంచే రావాలి. పురుగుల మందు తాగిన రైతును తెచ్చినప్పుడు కంటిపాప సూదిమొనలా కుంచించుకుపోవడాన్ని, నోట నురగను గుర్తించడం, తడిసిన దుస్తులను తొలగించడం, గొంతులో చేరిన స్రావాలను తీయడం, డాక్టరు ఆదేశించిన అట్రోపిన్ ప్రభావాన్ని నిమిష నిమిషానికి గమనించడం ఒక పాఠం. పాము కాటు, డెంగీలో హఠాత్తుగా రక్తపోటు పడిపోవడం మరికొన్ని పాఠాలు.

బొమ్మకు భాష లేదు. సికింద్రాబాద్ వార్డులో రోగి తెలుగులో మూలుగుతాడు, పక్క మంచంపై మరొకరు ఉర్దూలో నీళ్లడుగుతారు, వెంట వచ్చిన బంధువు కోపంతో ప్రశ్నిస్తాడు. బాధలో ఉన్నవారితో మాట్లాడడం, మరణవార్త విన్న కుటుంబాన్ని ఓదార్చడం, షిఫ్టు మారేటప్పుడు రోగి వివరాలను ఏదీ వదలకుండా అప్పగించడం వంటి నైపుణ్యాలకు పాత్రధారులే మేలు. ఇందుకు సీనియర్ విద్యార్థులు, పదవీ విరమణ చేసిన నర్సుల సేవలను వినియోగించుకోవచ్చు.

అధికారులు, పాత్రికేయులు పరిశీలించవలసిన అంశాలు

ప్రయోగశాల ప్రారంభోత్సవం వార్త అవుతుంది. దాని వినియోగం సాధారణంగా వార్త కాదు. కొనుగోలు చేసిన బొమ్మల సంఖ్యతో శిక్షణను కొలిస్తే అసలు విషయం మరుగున పడుతుంది. కాబట్టి ఏ సంస్థనైనా పరిశీలించేటప్పుడు ఈ క్రింది ప్రశ్నలు ఉపకరిస్తాయి.

1. ప్రయోగశాల వారానికి ఎన్ని గంటలు తెరచి ఉంటున్నది? తాళం చెవి ఎవరి వద్ద ఉన్నది?

2. ఒక్కొక్క విద్యార్థి స్వయంగా చేసిన అభ్యాసాలు ఎన్ని? వెనుక నిలబడి చూసినవి ఎన్ని?

3. ప్రతి అభ్యాసం తరువాత సమీక్షా చర్చ జరుగుతున్నదా? దానిని నడిపే బోధకులకు అందులో శిక్షణ ఉన్నదా? తప్పు చేసిన విద్యార్థి మందలింపు భయం లేకుండా ఆ తప్పును చెప్పుకోగలుగుతున్నదా?

4. ఉద్యోగంలో ఉన్న నర్సులకు వార్డులోనే పునశ్చరణ ఉన్నదా? ప్రాణరక్షక నైపుణ్యాలు కొన్ని నెలలకే మసకబారుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

5. బొమ్మ చెడిపోతే బాగుచేయించే నిధులు, చేతితొడుగులు, సిరంజిలు వంటి సామగ్రికి ఏటా కేటాయింపు ఉన్నదా?

6. శిక్షణకు ముందూ తరువాతా ఆసుపత్రిలోని ఏ ఫలితాన్ని కొలుస్తున్నారు?

చివరి ప్రశ్న అన్నింటిలోకి కీలకమైనది. మందు ఇవ్వడంలో పొరపాట్లు, మంచంపట్టిన రోగులకు పడే పుండ్లు, మూత్రనాళ గొట్టాల వల్ల సోకే అంటువ్యాధులు, పుట్టిన వెంటనే ఊపిరి అందుకోని శిశువుల సంఖ్య వంటివి ప్రతి ఆసుపత్రిలోనూ నమోదు చేయదగినవే. ఈ అంకెలు కదలనంతవరకు శిక్షణ లక్ష్యం నెరవేరినట్లు భావించలేము.

సంఖ్య, నైపుణ్యం రెండూ కావాలి

సిమ్యులేషన్ శిక్షణ నర్సుల కొరతకు ప్రత్యామ్నాయం కాదన్నది స్పష్టం. ఎంత చక్కగా నేర్చిన నర్సు అయినా, ఒకే రాత్రి తన శక్తికి మించిన రోగులను చూడవలసి వస్తే నేర్చినది ఆచరించే వ్యవధి ఉండదు. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి ద్వారా ఎంపికైన వేలాది నర్సులకు 2024 జనవరిలో నియామక పత్రాలు అందజేయడం ఈ దిశలో ముఖ్యమైన ఘట్టం. కొత్తగా చేరిన నర్సు తొలి వారాలలో వార్డును, పరికరాలను, తోటివారిని ఒకేసారి తెలుసుకోవలసి ఉంటుంది. ఆ తొలి వారాలలోనే వార్డు పక్క గదిలో రోజుకు పదిహేను నిమిషాల అభ్యాసం కల్పించగలిగితే, నియామకానికి వెచ్చించిన ప్రజాధనానికి పూర్తి ఫలం దక్కుతుంది.

ఇందుకు పెద్ద భవనాలు అవసరం లేదు. ఒక చిన్న గది, ఒక బొమ్మ, ఓర్పు గల ఒక బోధకురాలు, విధుల పట్టికలో ఆ పదిహేను నిమిషాలకు చోటు ఉంటే చాలును. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే పేద రోగికి తనపై తొలిసారి సూది వేస్తున్న విద్యార్థిని ఎవరో అడిగే ధైర్యం ఉండదు. అడగవలసిన అవసరం అతనికి రాకుండా చూడడం వ్యవస్థ బాధ్యత. ఆ విద్యార్థిని తొలి తడబాటు అప్పటికే బొమ్మపై ముగిసి ఉండాలి.